ఇద్దరి నడుమ గొంతు

నోటి పరీక్షకు తన ముందు ఇంకా ఇద్దరే. లోపల ఉన్న అబ్బాయి బయటికి రావాలి, తరవాత దిగులక్క వెళ్లాలి, ఆ తరవాత తనే. ఇంగ్లీషు డిపార్టుమెంటు మేడమీద, పాలిష్ వాసన కొడుతున్న ఈ వరండాలో, ఈ బెంచీ మీద పొద్దుటినుంచి కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది. లేచి నిలబడితే కూర్చోవాలనిపిస్తోంది, కూర్చుంటే లేవాలనిపిస్తోంది, మనిషికి ఈ రెండూ కాక ఇంకో వీలుంటే బాగుండేది. పక్కన దిగులక్క, ప్రతిదానికీ దిగులు పడుతుందని హాస్టల్లో పెట్టిన పేరు, కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. అది ప్రార్థనో పాఠమో తెలియదు, ఈ క్రైస్తవ యూనివర్సిటీలో మూడేళ్లు చదివాక ఎవరికైనా ఆ రెండూ ఒక్కలాగే వస్తాయి. ఆవరణ అవతల చాపెల్లో ఎవరో ఆర్గన్ సాధన చేస్తున్నారు, పాట సగంలోకి వచ్చేసరికి వేలు తప్పుతుంది, ఆగుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఒక్క ముక్కా దాటేస్తే నీ సొమ్మేం పోయింది మహానుభావా అనుకుంటూ ఆమె గుప్పిట్లో ఫోను చూసుకుంది. మోగలేదు. నీ వంతు వచ్చేలోపల చేస్తానే, నాన్న నీతో ఏదో చెప్పాలంటున్నారు, అంది అమ్మ పొద్దున. ఏం చెప్పాలిట అంటే, నాకు తెలిస్తే నేనే చెబుదును కదే, అంది. తలుపు దగ్గర అటెండరు ఒక్కొక్కరి ఫోనూ తీసుకుని చెక్కపెట్టెలో పడేస్తున్నాడు. లోపలికి వెళ్లేలోగా మోగితే సరేసరి, లేదంటే నాన్న మాటేమిటో వినకుండానే వెళ్లి ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఆమెకు హాజరు పట్టీలో బారెడు బైబిలు పేరొకటి ఉంది, దానితో మనకు పనిలేదు. ఇంట్లో నాన్న ఒక్కడే పిలిచే పేరు గువ్వ. ఆ ఒక్కడూ ఇప్పుడు పిలవడం లేదు కనక, పోనీ మనమైనా పిలుద్దాం.

ఆ ప్రశ్న సంగతి అందరికీ తెలుసు. డిగ్రీ ఆఖరి ఏడాది నోటి పరీక్షలో పద్యాలడుగుతారు, నవలలడుగుతారు, ఉచ్చారణ అడుగుతారు, అన్నీ అయ్యాక ప్రిన్సిపాలుగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఈ చదువుతో ఎవరికి సేవ చేస్తావు, అంటారు. ఈ యూనివర్సిటీ పుట్టినప్పటినుంచీ ఉన్న ఆనవాయితీ. ఎం.ఏ. సీట్లలో హాస్టలుతో కలిపి ఇచ్చే ఒకే ఒక్క సీటు ఆ జవాబు విన్నాకే ఎవరికన్నది తేలుస్తారు. అందుకని హాస్టల్లో ఆ జవాబులకు రిహార్సళ్లు. అనాథలకు చదువు చెబుతానని ఒకరు, జైళ్లలో ఖైదీలకు నేర్పుతానని ఇంకొకరు, పోయిన ఏడాది ఒకడైతే కుష్ఠురోగులకు వ్యాకరణం చెబుతానన్నాడట, ప్రిన్సిపాలుగారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని వాడినే చూస్తూ కూర్చున్నారట. గువ్వకు రిహార్సలు అక్కర్లేదు. ఆమె జవాబు నిజం జవాబు. మా ఇంటికి వెళ్లి మా అమ్మకీ నాన్నకీ మధ్య మాట చేరవేస్తానండీ. అంతే. అది అంటే సీటు రాదు, సీటు అక్కర్లేదని చెప్పడమే కదా అది. ఎవరూ తప్పుపట్టరు, అందరి కళ్లూ చెమ్మగిల్లుతాయి, పద్యాలు చెప్పే పొడుగు మేడం అయితే లేచి వచ్చి తల నిమురుతుంది కూడా. ఆ నిమరడం తలుచుకుంటేనే గువ్వ తల పక్కకు తప్పించుకుంటోంది.

పొడుగు మేడం పద్యం చెప్పేముందు మూడుసార్లు చదివిస్తుంది. అర్థం అడగొద్దు, ముందు నోట్లో వేసుకోండి అంటుంది. మొదటి ఏడాది ఆ మాటకు అందరూ నవ్వారు, గువ్వ నవ్వలేదు, ఆమెకు నిజంగానే నోరూరింది. లైబ్రరీలో ఆ చివరి కిటికీ పక్క బల్ల, మధ్యాహ్నం ఎండ పుస్తకం మీంచి మోచేతి మీదికి జరుగుతూ ఉంటే భోజనం గంట కొట్టినా వినపడని రోజులు, ఎవరో ఎప్పుడో చచ్చిపోయిన మనిషి సముద్రం గురించి రాసిన నాలుగు పంక్తులు చదివి, పుస్తకం మూసేసి, కుర్చీ వెనక్కి నెట్టుకుని ఊరికే నవ్వుకున్న రోజు. దానివల్ల ఎవరికి సేవ? ఎవరికీ కాదు. పిసరంత కూడా కాదు. ఇంకో రెండేళ్లు ఆ బల్ల దగ్గర కూర్చోనిస్తే చాలు దేవుడా అనిపిస్తుంది, అనిపించగానే సిగ్గేస్తుంది, అక్కడ నాన్న అలా పడి ఉంటే నీకు సముద్రం కావలసివచ్చిందా అని తనే తనను తిట్టుకుంటుంది. ఉచ్చారణ క్లాసులో మేడం తలా ఒక చేతి అద్దం ఇచ్చి, థింక్ అనేటప్పుడు నాలుక పళ్ల మధ్యకు ఎలా రావాలో చూసుకోమంది. ఆ పూటే తెలిసింది గువ్వకు, నాన్న నాలుక జీవితంలో ఒక్కసారి కూడా పళ్ల మధ్యకు రాలేదని. ఆ నెలలోనే నాన్న ఆమెను చూడవచ్చి ప్రిన్సిపాలుగారితో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, పక్కన నిలబడి చెప్పుల వంక చూసుకుంది. ఇప్పుడా నాలుకకు ఆ ఇంగ్లీషు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

నాన్న చర్చి ఆఫీసులో గుమాస్తా. కానీ సభలు వచ్చాయంటే గుమాస్తా కాదు, తర్జుమా. దూరదేశాలనుంచి వచ్చే ప్రసంగీకులు ఇంగ్లీషులో ఒక వాక్యం చెబితే, నాన్న వాళ్లకు అరడుగు వెనగ్గా నిలబడి ఆ వాక్యాన్ని జనం మాటలో చెప్పేవాడు. ఆయనకు అందులో పట్టింపులుండేవి. వాళ్లు చెయ్యెత్తితే మనం ఎత్తకూడదు. వాళ్లు చెప్పనిది ఒక్క పొల్లు కలపకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఆయన ఇలా అంటున్నారు అనకూడదు, ఆయన నేను అంటే మనమూ నేను అనాలి. గువ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడు చాప మీద మొదటి వరసలో కూర్చుని ఉంటే, మారుమనసు పొందిన దొంగ ఒకాయన వచ్చి తన కథ చెప్పాడు. నేను ఎన్నో ఇళ్లు దోచాను, అన్నాడు నాన్న, మైకులో, ఖంగుమని. నేను కన్నతల్లి గాజులు అమ్ముకున్నాను, అన్నాడు. నన్ను పోలీసులు పట్టుకున్నారు, అన్నాడు. గువ్వ లేచి జనంలోంచి పడుతూ లేస్తూ ఇంటికి పరిగెత్తి, అమ్మా నాన్న దొంగటే, నాన్నమ్మ గాజులు తీసుకున్నాట్టే, అని బావురుమంది. అమ్మ పొయ్యి ముందు కూలబడి నవ్వింది, నవ్వీ నవ్వీ పొలమారింది, చాన్నాళ్లపాటు నాన్న ఇంట్లో అడుగుపెడితే చాలు, వచ్చాడే దొంగ, గాజులు దాచుకో, అనేది. నాన్న గువ్వను భుజాన వేసుకుని, ఒసే గువ్వా, నీ అబ్బ పరువు తీశావు కదే, అన్నాడు. ఆ గొంతు. ఆ ఒసే. దానికోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటోంది, ఈ బెంచీ మీద, ఈ పాలిష్ వాసనలో.

నాన్నకు మెదడులో నరం చిట్లింది. క్రిస్మస్ సెలవులకు ముందు సంగతి. మనిషి దక్కాడు, కుడిచెయ్యి కూడా మెల్లగా దారికొచ్చింది, కానీ నోరు విప్పితే ఇంగ్లీషు. పూర్తి ఇంగ్లీషు. ఇంటిమాట వింటే తెలుస్తుంది, పలకడానికి రాదు, ఎక్కడో జారిపోయింది. నేర్చుకున్న భాష ఉండి పుట్టిన భాష పోవడం అరుదే, తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు, అన్నాడు డాక్టరు, ఆ మాట చెప్పడానికి ఆయనకేం, బాగానే చెప్పాడు. అమ్మకు ఇంగ్లీషు రాదని కాదు. బస్సు వచ్చు, స్విచ్చు వచ్చు, టాబ్లెట్టు వచ్చు, ఈ పెద్దమాటల్ని కలిపి కుట్టే పిల్లమాటలే రావు. పైగా నాన్న ఇంగ్లీషు ప్రసంగాల్లోంచి వచ్చిన ఇంగ్లీషు. దాహమేస్తే, ప్రియమైనదానా, నాకు చల్లని నీరు ఒక పాత్రతో అనుగ్రహించెదవా, అన్నట్టుంటుంది. ఏమంటున్నారే అంటుంది అమ్మ. మంచినీళ్లడుగుతున్నారమ్మా. మంచినీళ్లకి ఇంత ప్రసంగమా, అంటుంది. ముగ్గురూ నవ్వుకున్నారు మొదట్లో. ఇంగ్లీషులో నాన్న చాలా మంచివాడు. విసుక్కోడు, వెక్కిరించడు, కూరలో ఉప్పు తక్కువైతే అలగడు, కూనిరాగం తీయడు, ప్రతిదానికీ వందనాలు చెబుతాడు, గువ్వను నా కుమార్తె అంటాడు. గువ్వకు ఆ మంచివాడు అక్కర్లేదు. సతాయించే నాన్న కావాలి. కళ్లు అవే, కణతమీద మచ్చ అదే, మనిషి ఎదురుగా కూర్చుని ఉండగానే మనిషి మీద బెంగ పెట్టుకోవడమేమిటో, ఎవరితో చెప్పుకుంటే అర్థమవుతుంది? ఉత్తరం రాస్తే వచ్చేస్తాడన్నట్టు, ఎక్కడికో ఊరెళ్లినట్టు అనిపిస్తుంది ఒక్కోసారి.

సెలవులన్నీ ఇద్దరి మధ్యా స్టూలు వేసుకుని కూర్చుని తర్జుమా చేసింది. నాన్న పట్టింపు ప్రకారం నేను అనే చెప్పేది. నాకు వెలుతురు కళ్లలో పడుతోంది. నాకు ఆ పచ్చ దుప్పటి ఇవ్వు. నాకు ఈ మందు వద్దు, చేదు. అమ్మ ఆమెకే జవాబు చెప్పేది, చేదైతే చేదు, మింగండి, అని. ఒకనాడు సాయంత్రం దీపం పెట్టే వేళకు నాన్న అమ్మ వంక చాలాసేపు చూసి మొదలుపెట్టాడు, నెమ్మదిగా, వాక్యం తరవాత వాక్యం, తర్జుమాకు వ్యవధి ఇస్తూ, ఎంతయినా వృత్తి తెలిసినవాడు. గువ్వ చెబుతూ పోయింది. నేను జీవితమంతా ఎవరెవరి మాటలో మోశాను. ఇంటికి వచ్చేసరికి నాకు గొంతు ఉండేది కాదు. నీతో కూర్చుని మాట్లాడలేదు. నువ్వు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది అనుకుంటున్నాను. నాకు నువ్వంటే చాలా ఇష్టం, ఈ మాట నీకు నేను ఏ రోజూ చెప్పలేదు. గువ్వ నోట్లోంచి ఆ ఆఖరి మాట వచ్చేసింది, ఆపుకోవాలని తట్టేలోపే వచ్చేసింది. అమ్మ గువ్వనే చూస్తోంది. నాన్నను కాదు. గువ్వ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇప్పుడా చెప్పడం, ఇన్నేళ్లకా, అంటూ ఏడ్చింది, కొత్త పెళ్లికూతురిలా ఎర్రబడిన మొహంతో, గువ్వ కళ్లలోకి చూస్తూ. మంచం మీద నాన్న, తన పెళ్లాం ఏడుపు వేరే వైపు తిరిగి ఉండటం చూశాడు. మర్నాటినుంచి గువ్వ గదిలో ఉన్నంతసేపూ ఆయన నోరు విప్పలేదు. మంచినీళ్లు కూడా చేత్తోనే అడిగాడు. పరీక్షలున్నాయని చెప్పి సెలవులు ఇంకా మిగిలుండగానే గువ్వ బస్సెక్కేసింది. పారిపోయావే, ఇంకేం పేరు పెడతావు దానికి, అని తనను తనే అడుక్కుంది. అందుకే కదా ఇప్పుడు తిరిగి వెళ్లిపోవాలని, ఈసారి జాగ్రత్తగా, నాన్న అంటున్నారమ్మా అని చేర్చి చెప్పాలని, ఒట్టు పెట్టుకుంది. నాన్న పట్టింపు పోతే పోనీ.

తలుపు తెరుచుకుంది. అబ్బాయి మొహం తుడుచుకుంటూ వచ్చి, ఎవరూ అడక్కుండానే, బానే అడిగారు, అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. అటెండరు, తరవాత ఎవరమ్మా, అన్నాడు. దిగులక్క లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచింది.

"నా జవాబు ఒకసారి వినవే. పల్లెల్లో ఆడవాళ్లకి చదువు చెబుతాను. నిజంగా చెబుతానంటావా నేను?"

"నీకు పల్లె అంటేనే భయం కదక్కా."

"అదే నా దిగులు. నువ్వేం చెబుతున్నావు?"

"నిజమే చెబుతాను."

"అదృష్టవంతురాలివి," అంది దిగులక్క, ఆ మాట మనసారా అని, ఫోను పెట్టెలో వేసి లోపలికి వెళ్లింది.

అదృష్టవంతురాలు. ఏం అదృష్టమో. వరండా అంతా ఖాళీ అయింది, కింద తోటమాలి గొట్టంతో నీళ్లు పడుతున్నాడు, తడిసిన మట్టి వాసన పైకి వచ్చి పాలిష్ వాసనను కొంచెం కప్పింది, ఆర్గన్ మళ్లీ అక్కడే తప్పింది. ఇల్లంటే ఏమిటి ఇప్పుడు, ఆ రెండు గదులు, మందుల వాసన, మధ్యలో స్టూలు. ఆ స్టూలు మీద కూర్చుంటే తను కూతురు కాదు, పెళ్లాం కాదు, మొగుడు కాదు, మైకు. అయినా వెళ్లాలి. వెళ్లకపోతే అమ్మ ఎలా బతుకుతుంది, వెలుతురంటే దుప్పటి ఇస్తుంది, దుప్పటంటే మందిస్తుంది, నాన్న వందనాలు చెప్పి మింగేస్తాడు. వెళ్లాలి, వెళ్లాలనే ఉంది కూడా, ఆ గుమ్మంలో అడుగుపెట్టగానే లోపలినుంచి ఒసే అని వినపడుతుందేమోనని ప్రతిసారీ చెప్పులు విడుస్తూ ఒక్క క్షణం ఆగుతుంది, ఆగి, ఏమీ వినపడక, లోపలికి వెళుతుంది. ఆ ఒక్క క్షణం కోసమైనా సరే ఎన్నిసార్లయినా వెళ్లగలదు.

ఫోను మోగింది. రెండోసారి మోగనివ్వకుండా ఎత్తింది.

"ఏమే, అయిపోయిందా?"

"లేదమ్మా, తరవాత నేనే. నాన్నకివ్వు."

"ఇస్తున్నా. ఆగు, దిండు సర్దుతున్నా. ఊఁ, మాట్లాడండి."

ఊపిరి చప్పుడు. ఆ తరవాత నాన్న గొంతు, ఇంగ్లీషులో, మెట్టు మెట్టుకూ ఆగుతూ. నా కుమార్తె, నీకు శుభమగుగాక, అన్నాడు. గువ్వ కళ్లు మూసుకుంది. నీవు మా మధ్య కూర్చునుటకు తిరిగి రావలదు, అన్నాడు. ఆ సాయంత్రము నా మాట నీ నోట విని నీ తల్లి నీవైపు చూసినది. ఆమె నావైపు చూడవలెనని నా కోరిక. ఆమెకు అర్థము కాకపోయినను సరే. ఆగాడు. అలవాటుగా, తర్జుమాకు వ్యవధి ఇచ్చినట్టు ఆగాడు. గువ్వ ఇంటిమాటలోనే, సరే నాన్నా, అంది. ఇంకా ఏదైనా అంటాడేమోనని ఫోను చెవికి నొక్కుకుంది. వందనాలు, అన్నాడు. అంతే.

ఫోను అమ్మ తీసుకుంది.

"ఏమన్నారో నాకు చెప్పకు," అంది, గువ్వ నోరు తెరిచేలోపే.

"ఎందుకమ్మా?"

"ఎందుకేమిటే. ఆయన చెప్పేది నేనే కనుక్కుంటా. నువ్వెళ్లాక అదే పని. మొహంలోకి చూస్తూ కూర్చుంటే సగం తెలుస్తోంది. తక్కిన సగానికి పోట్లాడుకుంటున్నాం."

"పోట్లాటా? ఆయన ఇంగ్లీషులో, నువ్వు..."

"ఆఁ. ఆయనేం తిడుతున్నారో నాకు తెలీదు, నేను తిట్టేది ఆయనకి బాగా తెలుసు. నాకదే నయం." అమ్మ నవ్వింది, వెనక ఎక్కడో నాన్న కూడా నవ్వాడు. నవ్వుకు ఏ భాషా అంటలేదు, అది పాత నవ్వే.

"అయితే నన్ను రావద్దంటారా?"

"రావద్దని ఎవరన్నారే పిచ్చిదానా. కూతురిలా రా. సెలవులకి రా, తిను, పడుకో, వెళ్లు. ఆ స్టూలు పెరట్లో పెట్టేశా, బట్టలారేసుకోడానికి పనికొస్తోంది."

ఫోను పెట్టేశాక గువ్వకు ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. కోరుకున్నదే చేతిలో పెట్టారు, కోరుకున్నానని ఎవరికీ చెప్పకుండానే పెట్టారు. పెట్టి, తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఆ తలుపు అవతల వాళ్లిద్దరూ. బాగానే ఉంటారు. ఎంత బాగుంటారో ఊహించుకుంటే పట్టలేనంత బెంగ వచ్చింది. దిగులక్క ఎప్పుడు బయటికొచ్చిందో, ఏమందో తెలియలేదు, అటెండరు చెక్కపెట్టె ముందుకు చాపి, ఫోనమ్మా, అన్నాడు రెండోసారి.

లోపల పద్యాలడిగారు, చెప్పింది. నవలలడిగారు, చెప్పింది. అవేమీ ఆమెకు తరవాత గుర్తుండవు. ప్రిన్సిపాలుగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఈ చదువుతో ఎవరికి సేవ చేస్తావమ్మా, అన్నారు, ఇంగ్లీషులో, మృదువుగా. పొద్దుటినుంచి సిద్ధంగా ఉన్న జవాబు ఇప్పుడు నిజం కాదు. హాస్టల్లో విన్న జవాబులు బోలెడున్నాయి, అనాథలున్నారు, ఖైదీలున్నారు, ఏదో ఒకటి అనేస్తే చాలు, అందరూ అదే చేస్తారు. పొడుగు మేడం ముందుకు వంగి చూస్తోంది.

"ఎవరికీ కాదండీ," అంది గువ్వ. "నాకు చదువుకోవాలని ఉంది. చదవడమంటే నాకిష్టం. సేవ అని చెబితే అబద్ధమవుతుంది. ఇంటికెళ్లాలని చాలా ఉంది, కానీ నేను వెళ్లాలనుకుంటున్న ఇల్లు అక్కడ లేదండీ. మా నాన్న గొంతు అక్కడ లేదు. అది దొరికేదాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా, ఆ కిటికీ పక్కన కూర్చోనివ్వండి."

ప్రిన్సిపాలుగారు మేడం వంక చూశారు. మేడం ఎంతో మెల్లగా, "ఇది ఇంగ్లీషు పరీక్షమ్మా. అదే ఇంగ్లీషులో చెప్పు," అంది.

అప్పటిగ్గానీ తెలియలేదు గువ్వకు, తను ఇంటిమాటలో మాట్లాడిందని. సెలవులంతా వేరేవాళ్ల మాటల్ని క్షణం ఆలస్యం లేకుండా అందించిన నోరు, తన మాటను ఇంగ్లీషులో పెట్టవలసి వచ్చేసరికి తడబడింది. మేడం తొందరపెట్టలేదు. గువ్వ ఒక్కో మాటే వెతుక్కుని, ఒక్క పొల్లు కలపకుండా, ఒక్కటి తగ్గించకుండా, మొదటినుంచి చెప్పుకుంటూ వచ్చింది. నాన్న గొంతు దగ్గరికి వచ్చేసరికి, మొదటిసారి చెప్పినప్పుడు రాని ఏడుపు వచ్చేసింది.